మన కొండల కథ ఎవరు చెప్పాలి?

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడమని కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, "మేడమ్, ఎప్పటిలాగే ఆడపిల్లల చదువు గురించి చెప్పండి" అన్నారు. "ఈసారి గైడ్ల గురించి చెబుతానండీ" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "పదో తరగతి గైడ్లా మేడమ్?" అని అడిగారు. పరీక్షల ముందు పిల్లలు కొనుక్కునే పుస్తకాలనుకున్నారు పాపం. అవి కావు. మన అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి కొండలు చూడటానికి వచ్చే పర్యాటకుల్ని వెంటబెట్టుకుని తిప్పే గైడ్ల గురించి. హాస్టల్ వార్డెన్‌కి దీంతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. మొదట జరిగిన సంగతి చెబుతాను. పని ఏమిటో మీకే తెలుస్తుంది.

ఒక ఆదివారం, మంచు కాలం. పిల్లలు బట్టలుతుక్కుని, తలలు దువ్వుకుని, వరండాలో ఎండకు కూర్చున్నారు. గేటు ముందు ఒక వ్యాను ఆగింది. అందులోంచి పదిమంది పైగా పర్యాటకులు దిగారు. వాళ్ల ముందు ఒకాయన, మెడలో ఈల, నెత్తిన టోపీ. వాచ్‌మన్‌ని పక్కకు జరిపి లోపలికి వచ్చేశాడు. నేను స్టోరు గదిలో బియ్యం లెక్క చూసుకుంటున్నాను. చప్పుడుకి బయటికి వచ్చేసరికి ఇద్దరు ఫోన్లు ఎత్తి పిల్లల్ని ఫోటోలు తీస్తున్నారు. ఒకామె చాక్లెట్ల సంచి విప్పింది.

ఆ టోపీ ఆయన నవ్వుతూ, "మేడమ్, అయిదు నిమిషాలే. మీ పిల్లల చేత థింసా ఆడించండి. సార్లు హాస్టల్‌కి ఏదైనా ఇస్తారు" అన్నాడు. తర్వాత వాళ్ల వైపు తిరిగి, నేను వింటున్నానన్న ధ్యాస కూడా లేకుండా, "వీళ్లకు సిగ్గూ బిడియం ఉండవు సార్, ఎక్కడ పాట వినబడితే అక్కడ ఆడేస్తారు" అన్నాడు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నా పక్కనే నిలబడి ఉంది. చెంగు పట్టుకుని, మెల్లగా అడిగింది. "ఆడాలా మేడమ్?"

ఆ మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు. "వద్దు" అనడానికి ఆ పిల్లకు నా అనుమతి కావలసి వచ్చింది. ఆయనకు మాత్రం లోపలికి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

ఆడపిల్లల హాస్టల్లోకి అనుమతి లేకుండా బయటివాళ్లు రాకూడదని చెప్పి, తీసిన ఫోటోలు తీయించేసి, అందరినీ గేటు బయటికి పంపించాను. పర్యాటకుల్లో ఒక పెద్దాయన, "మాకు తెలియదమ్మా, ఇది కూడా ప్యాకేజీలో ఉందని చెప్పాడు" అని క్షమాపణ అడిగారు. ఆయన తప్పు లేదు. నేను టోపీ ఆయన్ని, "బాబూ, మీరు గైడే అయితే మీ కార్డు చూపించండి" అన్నాను. కార్డు లేదు. పేరు అడిగితే ఒక పేరు చెప్పాడు. అది నిజం పేరో కాదో ఇప్పటికీ తెలియదు. వ్యాను అద్దెది. మర్నాడు ఫిర్యాదు చేద్దామని కూర్చుంటే, ఎవరి మీద చేయాలి? ఏ పేరు రాయాలి? కాగితం ముందు పెట్టుకుని పెన్ను పట్టుకున్నాను గాని, మొదటి గీత దగ్గరే ఆగిపోయాను.

అందుకే ఇవాళ ఇది మాట్లాడుతున్నాను. రిజిస్ట్రేషన్ అంటే గవర్నమెంటు వాళ్ల మరో కాగితం అని మనం అనుకుంటాం. అది కాదు. రిజిస్టర్ అయిన మనిషికి పేరుంటుంది, ఫోటో ఉంటుంది, నంబరుంటుంది, పోలీసు విచారణ జరిగి ఉంటుంది. తప్పు చేస్తే అడగడానికి ఒక చోటుంటుంది. తప్పు నిజమైతే కార్డు పోతుంది. ఆ భయం ఉన్నవాడు ఆడపిల్లల హాస్టల్ గేటు తోసుకుని రాడు.

ఇక అర్హత సంగతి. నేను టీచరు శిక్షణ చదివినదాన్ని. నాకు చదవడం, రాయడం వచ్చు కదా అని నన్ను ఎవరూ తిన్నగా బడిలో నిలబెట్టలేదు. శిక్షణ ఇచ్చారు, పరీక్ష పెట్టారు, ఒక బడిలో పెద్ద టీచరు వెనక బల్ల మీద కూర్చుని చూస్తుంటే పాఠం చెప్పించారు. ఆ శిక్షణలో నేను నేర్చుకున్న గొప్ప సంగతి ఒకటుంది. తెలియని దానికి "తెలియదు, కనుక్కుని చెబుతాను" అనడం. గైడు కూడా టీచరే. అతని తరగతి మూడు గంటలే ఉంటుంది, పిల్లలు మళ్లీ రారు. తప్పు చెబితే దిద్దుకోవడానికి రేపటి పీరియడ్ ఉండదు. ఆ తప్పు వాళ్లతో హైదరాబాదు వెళ్తుంది, కలకత్తా వెళ్తుంది, ఫోన్లో ప్రపంచమంతా తిరుగుతుంది.

నేను పుట్టింది అనంతగిరి మండలంలో. అందుకని బొర్రా గుహల్నే ఉదాహరణగా తీసుకుంటాను. అక్కడ మన పిల్లలు చాలా ఏళ్లుగా గైడ్లుగా చేస్తున్నారు, వాళ్లంటే నాకు గౌరవం. మా తాతలు చెప్పిన కథ మీ అందరికీ తెలుసు. మేస్తున్న ఆవు ఒకటి గుహ కప్పుకున్న కంతలోంచి కింద పడింది, వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి లోపల శివలింగం కనిపించింది. ఆవు పొదుగులోంచి పుట్టింది కాబట్టి ఆ ఏరు గోస్తనీ. ఇది కథ. మన కథ. చెప్పాలి, తప్పకుండా చెప్పాలి.

దాంతో పాటు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. వాన నీరు మట్టిలోంచి దిగుతూ బొగ్గుపులుసు గాలిని కలుపుకుని, కొంచెం పుల్లబడుతుంది. ఆ నీరు సున్నపురాయిని కరిగిస్తుంది. అలా కరిగీ కరిగీ గుహ అయింది. కప్పు నుంచి చుక్క జారేటప్పుడు తనలో ఉన్న సున్నాన్ని కొంచెం అక్కడే వదులుతుంది. పైనుంచి వేలాడేవి అలా పెరుగుతాయి. చుక్క పడిన చోట నేల మీంచి లేచేవీ అలాగే పెరుగుతాయి. మనిషి బతికినంత కాలంలో అవి వేలెడు కూడా పెరగవు. మన చేతి జిడ్డు అంటుకుంటే అక్కడ సున్నం సరిగా పట్టదు, పెరుగుదల చెడుతుంది. అందుకే ముట్టుకోవద్దంటారు.

మంచి గైడు రెండూ చెబుతాడు. ఏది కథో, ఏది శాస్త్రమో విడదీసి చెబుతాడు. అర్హత లేని గైడు టార్చి వేసి, "అదిగో మొసలి, ఇదిగో రుషి గడ్డం" అని చూపించి, పిల్లవాడు రాయి పట్టుకుని వేలాడితే ఫోటో తీసి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. చూసినవాళ్లకు ఏమీ మిగలదు. గుహకు మాత్రం చేతి మరకలు మిగులుతాయి.

మన పండగల విషయంలో ఇంకా అన్యాయం జరుగుతుంది. చైత్రమాసంలో ఇటుకల పండగ రోజుల్లో మన ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి, పాట పాడి, వచ్చేపోయే బళ్లను ఆపి పండగ డబ్బులు అడుగుతారు. అది పండగ సరదా, పండగ హక్కు. ఒక బస్సులో నేను కూర్చుని ఉండగానే, ముందు సీట్లో గైడునని చెప్పుకుంటున్న ఒకాయన, "ఇక్కడ వీళ్లు ఇలాగే దారి కాసి దోచుకుంటారు" అని తనతో వచ్చినవాళ్లకు చెప్పాడు. కిటికీలోంచి చూస్తే కర్ర పట్టుకున్న వాళ్లలో మా పెద్దమ్మ వరసావిడ ఉంది. నెత్తిన పూలు పెట్టుకుని నవ్వుతోంది. ఆమె నవ్వు చూసి కూడా ఆయన ఆ మాట అనగలిగాడు.

థింసా కూడా అంతే. ఒకరి వీపు మీదుగా ఒకరు చేతులు కలిపి గొలుసుకట్టుగా ఆడే ఆ ఆటలో ఎన్ని రకాలున్నాయి! బోడ థింసా ఊరి దేవతకు. పొత్తర్ తోలా ఆకులు ఏరే ఆట. బాగ్ థింసా పులి నుంచి తప్పించుకునే ఆట. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు, ఒక్కోదానికి ఒక్కో వేళ. ఇవన్నీ తెలిసినవాడు, "వీళ్లు పాట వినబడితే ఆడేస్తారు" అనడు. మఠం దగ్గర మత్స్యగుండంలో చేపల్ని మనం ఎందుకు పట్టమో, ఎందుకు దేవుడిగా చూస్తామో తెలిసినవాడు, వాటిని చూపించి వేపుడు గురించి జోకులు వేయడు.

ఇక ప్రాణాల సంగతి. మన దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మైదానం వాళ్లు. కొండ వాన వాళ్లకు తెలియదు. పైన ఎక్కడో వాన పడితే, కింద ఎండగా ఉన్నప్పుడే వాగు పొంగుతుందని వాళ్లకు తెలియదు. చాపరాయి బండలు ఎక్కడ నాచు పట్టి జారతాయో, కటిక జలపాతం దగ్గర ఎంతవరకు దిగవచ్చో, వంజంగి కొండ మీద తెల్లవారుజామున మంచు కమ్మితే ఎక్కడ ఆగిపోవాలో చెప్పగలిగినవాడు పక్కన ఉండాలి. పాము కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు, కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి అని తెలిసినవాడు ఉండాలి. దగ్గరలో ఉన్న పీహెచ్‌సీ ఏదో, 108కి ఫోన్ చేయడానికి సిగ్నల్ ఏ మలుపులో దొరుకుతుందో తెలిసినవాడు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, "ఇవాళ వద్దు, వెనక్కి పోదాం" అని చెప్పగలిగినవాడు ఉండాలి. రోజు కిరాయి పోతుందని తెలిసి కూడా ఆ మాట చెప్పడం శిక్షణ వల్ల వస్తుంది.

2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడటానికి బయలుదేరిన బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయింది. ఎన్ని కుటుంబాలు ఏడ్చాయో మీకు గుర్తుంది. ప్రాణాలతో బయటపడ్డ 26 మందిని ఒడ్డుకు చేర్చింది ఎవరు? ఆ పక్క ఊళ్ల మనవాళ్లు. తమ పడవలేసుకుని వెళ్లారు. ఆ ఏటిని ఎరిగినవాళ్లు అక్కడే ఉన్నారు, కానీ మునిగిన తర్వాత గాని వాళ్ల అవసరం ఎవరికీ గుర్తు రాలేదు. ఎరిగినవాణ్ణి ముందే పక్కన కూర్చోబెట్టుకోవాలన్నదే నేను చెప్పేది.

ఇప్పుడు భూమి దగ్గరికి వస్తాను. ఇది వినండి, ముఖ్యంగా కుర్రాళ్లు.

పర్యాటకులు కాఫీ తోటలు చూస్తారు, మిరియాల పాదులు చూస్తారు, మంచు చూస్తారు. చూశాక చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇక్కడ ఎకరం ఎంత?" గుర్తింపు ఉన్న గైడు ఏం చెబుతాడు? "అమ్మా, ఇది ఏజెన్సీ. 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులకు ఇక్కడ భూమి చెల్లదు" అని మర్యాదగా చెబుతాడు. వీలైతే బొర్రా దగ్గరే నిలబడి సమత తీర్పు కూడా చెబుతాడు. మన అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద మొదలైన ఆ కేసులో, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1997 జులైలో చెప్పింది. దేశంలో ఆదివాసీ భూముల గురించి ఎక్కడ మాట్లాడినా తలుచుకునే తీర్పది. గుహ చూడటానికి వచ్చినవాళ్లు ఆ సంగతి తెలుసుకుని వెళ్తే మనల్ని చూసే చూపే మారుతుంది.

గుర్తింపు లేనివాడు ఏం చెబుతాడు? "మనకు తెలిసినవాళ్లున్నారు సార్, వాళ్ల పేరు మీద పెట్టిద్దాం" అంటాడు. పొద్దున గైడు, మధ్యాహ్నం బ్రోకరు. మన వాడి పేరు మీద, మన వాడి వేలిముద్రతో, ఎవరిదో రిసార్టు లేస్తుంది. ఆ వేలిముద్ర వేసినవాడే అక్కడ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చుంటాడు. ఇది మీకు కొత్త సంగతి కాదు.

మనుషుల్నే చూపించే వ్యాపారం కూడా ఉంది. అండమాన్‌లో జారవా తెగ ఆడవాళ్లను తిండి ఆశ చూపి పర్యాటకుల ముందు ఆడించిన వీడియో 2012లో బయటపడింది. దేశం తలదించుకుంది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది ఎక్కడో సముద్రం మధ్య అనుకున్నాం. నా వరండాలో "ఆడాలా మేడమ్?" అని పిల్ల అడిగిన రోజు, అది అంత దూరం కాదని నాకు అర్థమైంది.

ఇంతవరకు చెప్పింది అందరూ ఒప్పుకుంటారు. ఇక్కడి నుంచి కొంచెం కష్టం.

ఈ ప్రసంగం రాసుకుంటున్నప్పుడు మా తమ్ముడి వరసయ్యే అబ్బాయి ఇంటికి వచ్చాడు. వంజంగి కొండ ఎక్కించేవాళ్లలో వాడొకడు. పదో తరగతి తప్పాడు, చదువు ఆగిపోయింది. ఆ కొండ మీద ప్రతి రాయీ వాడికి తెలుసు. ఇంతవరకు వాడి వెంట వెళ్లిన వాళ్లెవరికీ గీత కూడా పడలేదు. నేను రాసుకున్నది చదివి వినిపించాను. విని, చాలాసేపు ఊరుకుని, "అక్కా, కార్డున్నోళ్లనే తీసుకోమని నువ్వే చెప్తే, నా బతుకేటి?" అన్నాడు.

నా దగ్గర వెంటనే జవాబు లేదు.

వాడన్నది తప్పు కాదు. కార్డు ఉన్నంతమాత్రాన కొండ తెలుస్తుందా? పట్నంలో కూర్చుని పరీక్ష రాసినవాడు కార్డు తెచ్చుకుని ఇక్కడికి వస్తే, తరతరాలుగా ఇక్కడున్నవాడు అతని వెనక సంచులు మోయాలా? పట్టా కాగితం లేదని మన తాతలు సొంత భూమిలోనే పరాయివాళ్లయ్యారు. గైడు కార్డు లేదని మన పిల్లలు సొంత కొండ మీదే పరాయివాళ్లయితే ఆ తప్పులో నాకూ భాగముంటుంది. అందుకని ఆ రాత్రి ప్రసంగంలో సగం కొట్టేసి మళ్లీ రాశాను.

ఇప్పుడు నేను చెప్పేది ఇది. కార్డు వద్దనడం మనకు దారి కాదు. కార్డు అక్కర్లేదు అన్నంతకాలం ఆ టోపీ ఆయనకీ, మా తమ్ముడికీ తేడా ఎవరికీ కనబడదు. పర్యాటకుడి కళ్లకు ఇద్దరూ ఒకటే. ఎవడు తక్కువ అడిగితే వాడి వెంట వెళ్తాడు. ఆ పోటీలో అబద్ధం చెప్పేవాడు, బ్రోకరుతనం చేసేవాడు గెలుస్తాడు, ఎందుకంటే వాడికి వేరే చోట డబ్బొస్తుంది. కార్డు మన పిల్లలకు కావాలి. ముందుగా మన పిల్లలకే కావాలి. ఆ కార్డు ఇచ్చే పరీక్షలో మన కొండ గురించిన ప్రశ్నలుండాలి.

దారి లేకపోలేదు. కేంద్ర పర్యాటక శాఖ ఇంక్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్ అని ఒక ఆన్‌లైన్ కోర్సు పెట్టింది. ఇంటి దగ్గరే ఉండి చదివి, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. ఆన్‌లైన్ అనగానే మీలో కొందరు నవ్వుతున్నారు, నాకు తెలుసు, సిగ్నల్ కోసం గుట్టెక్కే ఊళ్లు మనవి. 2024లో పర్యాటక దినోత్సవం నాడు పర్యాటన్ మిత్ర, పర్యాటన్ దీదీ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. దేశంలో ముందు ఎంచుకున్న ఆరు చోట్లలో మన రాష్ట్రం నుంచి గండికోట ఉంది. అక్కడ ట్యాక్సీ డ్రైవర్లకు, హోటలు పనివాళ్లకు, చిన్న దుకాణాల వాళ్లకు, ఆడవాళ్లకు పర్యాటకులతో ఎలా మెలగాలో, తమ ఊరి కథ ఎలా చెప్పాలో నేర్పించే పని అది. గండికోటకు వచ్చింది అరకుకు, పాడేరుకు ఎందుకు రాకూడదు? అడిగితే కదా వచ్చేది.

అందుకని ఈ సభ ద్వారా నావి కొన్ని విన్నపాలు.

మొదటిది మన సంఘానికి. ఇప్పుడు కొండల మీద, జలపాతాల దగ్గర, గుహల దగ్గర గైడ్లుగా తిరుగుతున్న మన పిల్లల పేర్లు ఊరూరా రాయండి. చదువు ఎంత, ఏ భాషలు వచ్చు, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, అన్నీ రాయండి. ఆ జాబితా పట్టుకుని ఐటీడీఏకి, పర్యాటక శాఖకు వెళ్దాం. శిక్షణ ఇక్కడే పెట్టమని, తెలుగులో పెట్టమని, పరీక్షలో మన చరిత్ర, మన పండగలు, 1/70, ప్రథమ చికిత్స ఉండాలని అడుగుదాం. ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లకు చదువు తక్కువని తలుపు మూయొద్దని, చదువు పూర్తి చేసుకోవడానికి గడువు ఇవ్వమని అడుగుదాం.

రెండోది పెద్దలకు. మన పిల్లలు గైడ్లు కావాలంటే మన కథలు వాళ్లకు తెలియాలి. హాస్టల్లో నేను పాఠాలు చెప్పగలను గాని, ఏ పాట ఏ పండగకో, ఏ చెట్టు కింద ఏ దేవతో మీరు చెబితేనే తెలుస్తుంది. సెలవులకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టించి, ఒక్క పూట చెప్పండి. చెప్పకూడనిది ఏదో కూడా చెప్పండి. మన దేవతల దగ్గర బయటివాళ్లకు చూపించకూడని చోట్లున్నాయి. ఏది చూపించాలో తెలియడంతో పాటు, ఏది చూపించకూడదో తెలియడం కూడా గైడు అర్హతే.

మూడోది కుర్రాళ్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు. ఇది మగపిల్లల పనే అనుకోకండి. ఆడవాళ్లు కుటుంబాలతో వచ్చినప్పుడు ఆడ గైడు ఉంటే వాళ్లకు ధైర్యం. అరకులోని గిరిజన మ్యూజియంలో మన ఇల్లు, మన వంట, మన నగలు బొమ్మలుగా పెట్టి ఉన్నాయి. ఆ బొమ్మల పక్కన నిలబడి, "ఇది మా అమ్మమ్మ వేసుకునే నగ" అని చెప్పేది మన పిల్ల అయితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

నాలుగోది మన కొండలకు వచ్చే అతిథులకు. ఈ సంచిక ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు ఫోన్లలో చదువుతారని చెప్పారు, అందుకని వాళ్లకూ చెబుతున్నాను. రండి, తప్పకుండా రండి. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మా అరకు కాఫీ తాగండి, మా సంతలో పసుపు, మిరియాలు కొనుక్కోండి. కానీ మిమ్మల్ని తిప్పే మనిషిని ముందు కార్డు అడగండి. పేరు, నంబరు రాసుకోండి. మా మనిషిని ఫోటో తీసేముందు అడగండి, వద్దంటే ఫోన్ దించేయండి. ఏ గైడైనా మిమ్మల్ని బడికి, హాస్టల్‌కి తీసుకెళ్తానంటే, ఎవరి ఇంట్లోకైనా చెప్పకుండా దింపితే, మీరే కాదనండి. భూమి ఇప్పిస్తానంటే ఆ వ్యాను దిగిపోండి. తక్కువ డబ్బుకు దొరికాడని కార్డు లేనివాణ్ణి పెట్టుకుంటే, మీరు మిగుల్చుకున్న ఆ వందో రెండు వందలో మేం కడుతున్నామని గుర్తుంచుకోండి.

చివరగా మా తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. వాణ్ణి ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించాను. హాస్టల్ స్టడీ అవర్ అయ్యాక, మా ఇంటి వరండాలో కూర్చుని చదువుతున్నాడు. తెలుగు, సాంఘికం ఫరవాలేదు. లెక్కలు ఇంకా కొండెక్కడం లేదు. "వంజంగి ఎక్కడమే సులువక్కా" అంటాడు. నిజమే. కానీ లెక్కలు కూడా ఎక్కుతాడు. వాడికి నేను చెప్పిన షరతు ఒకటే. కార్డు వచ్చాక, మొదట మా హాస్టల్ పిల్లల్ని పర్యాటకుల్లాగా ఆ కొండ మీదికి తీసుకెళ్లి, మొత్తం కథ చెప్పాలి. ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఇప్పుడు పదిలో ఉంది. మొన్న వాడి పుస్తకం తిరగేసి చూసి, "మేడమ్, ఈ గైడు పరీక్ష ఆడపిల్లలు కూడా రాయవచ్చా?" అని అడిగింది.

ఈసారి ఆ పిల్లకు జవాబు చెప్పడానికి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

 జై ఆదివాసీ!